బిడ్డ పుట్టాక పెళ్లినాటి దుస్తులు మళ్లీ పట్టాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లినాడు ఒంటికి అచ్చంగా సరిపోయిన దుస్తులను బిడ్డ పుట్టిన తర్వాత మళ్లీ ఒకసారి వేసుకోవాలని చాలామంది తల్లులు కోరుకుంటారు. అది వార్షికోత్సవం కోసం కావచ్చు, ఒక ఫొటో కోసం కావచ్చు, ఎవరికీ చెప్పని సొంత కారణం వల్ల కావచ్చు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఈ విషయంలో దొరికే సలహాలన్నీ బరువు చుట్టూనే తిరుగుతుంటాయి. శరీరపు చట్రంలో వచ్చే మార్పు గురించీ, బట్ట లోపల దర్జీ వదిలిపెట్టిన అవకాశం గురించీ చెప్పేవారు తక్కువ. కింది సమాధానాలలో ఆ రెండింటికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఇక్కడ పెళ్లి దుస్తులంటే ఛాతీ, నడుము కొలతలకు తగ్గట్టు కుట్టించిన గౌను గాని, రవిక గాని, బిగుతైన పైభాగం ఉన్న మరే వస్త్రం గాని అని అర్థం చేసుకోవాలి.

ప్రసవమైన ఎన్నాళ్లకు వేసుకుని చూడవచ్చు?

గాయాలు మానిన తర్వాత ఎప్పుడైనా వేసుకుని చూడవచ్చు. కాని మొదటి మూడు నెలల్లో చూసిన దాన్ని బట్టి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఆ సమయంలో శరీరం వారం వారం మారుతూ ఉంటుంది. ఆరు నెలలు నిండాక వేసుకుని చూస్తే కొంత నమ్మదగిన అంచనా వస్తుంది. బట్టను విప్పి కుట్టించే ఆలోచన ఉన్నవారు మాత్రం వీలైతే బిడ్డ చేత పాలు మాన్పించిన తర్వాత రెండు మూడు నెలలు ఆగి చివరి కొలతలు ఇవ్వడం మేలు, ఎందుకంటే ఛాతీ కొలత అప్పటికి గాని నిలకడకు రాదు.

ప్రసవంతోనే బరువు పోతుందని అనుకున్నాను. పొట్ట ఇంకా ఎత్తుగానే ఎందుకు ఉంది?

ప్రసవ సమయంలో శిశువు, మాయ, ఉమ్మనీరు, పోయిన రక్తం అన్నీ కలిపి సుమారు 5 నుంచి 6 కిలోలు తగ్గుతాయి. ఆ తర్వాతి రోజుల్లో ఒంట్లో చేరిన అదనపు నీరు మూత్రం ద్వారా, చెమట ద్వారా బయటికి వెళ్లడంతో మరో 2, 3 కిలోలు తగ్గవచ్చు. గర్భధారణకు ముందు సాధారణ బరువు ఉన్న స్త్రీ మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోల వరకు పెరగడం సమంజసమని 2009లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఏ లోపమూ లేని ఆరోగ్యకరమైన ప్రసవం తర్వాత కూడా ఒంటి మీద కొన్ని కిలోలు మిగిలి ఉండటం లెక్క ప్రకారమే జరిగేది. ఆ మిగిలిన దానిలో కొంత పాలివ్వడానికి శరీరం ముందుగానే దాచుకున్న కొవ్వు.

పొట్ట ఎత్తుకు మొదటి కారణం మాత్రం కొవ్వు కాదు, గర్భాశయం. ప్రసవమైన వెంటనే అది దాదాపు ఒక కిలో బరువుతో, బొడ్డు వరకు చేతికి తగిలే ఎత్తులో ఉంటుంది. రెండు వారాలు గడిచేసరికి కటి ఎముకల మధ్యకు దిగిపోతుంది, ఆరు వారాలకు ఇంచుమించు పాత పరిమాణానికి వస్తుంది. ఈ సంకోచాన్ని ఏ బెల్టూ, ఏ పానీయమూ తొందరపెట్టలేవు.

బరువు పాత అంకెకే వచ్చింది, కాని జిప్పు పడటం లేదు. ఎందుకిలా?

ఎక్కువమందిని కలవరపెట్టే ప్రశ్న ఇదే. దీనికి సమాధానం తెలిస్తే చాలామంది తల్లులు అనవసరంగా కడుపు మాడ్చుకోవడం మానేస్తారని నా నమ్మకం.

గర్భం పెరుగుతున్న కొద్దీ పక్కటెముకల గూడు పక్కలకు విచ్చుకుంటుంది. ఇది చివరి నెలల్లో బిడ్డ కిందినుంచి నెట్టడం వల్ల మాత్రమే జరిగేది కాదు. గర్భాశయం అంత ఎత్తుకు రాకముందే, హార్మోన్ల ప్రభావంతో స్నాయువులు మెత్తబడి, ఎముకలు తమ కోణాన్ని మార్చుకోవడం మొదలుపెడతాయి. రొమ్ముఎముక కింద రెండువైపుల పక్కటెముకలు కలిసే చోట ఉండే కోణం సుమారు 68 డిగ్రీల నుంచి 103 డిగ్రీల వరకు తెరుచుకుంటుందనీ, ఛాతీ చుట్టుకొలత 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుందనీ వైద్య గ్రంథాలు చెబుతాయి. ప్రసవం తర్వాతి నెలల్లో ఇది చాలావరకు వెనక్కి వస్తుంది, కాని కొందరిలో ఆ కోణం కాస్త వెడల్పుగానే మిగిలిపోతుంది. పెళ్లి దుస్తులు అన్నిటికంటే బిగుతుగా ఉండేది సరిగ్గా ఆ చోటే, అంటే రొమ్ముల కిందనుంచి నడుము దాకా. పైగా అలాంటి బట్టలు సాగవు. అక్కడ రెండు సెంటీమీటర్ల తేడా వచ్చినా జిప్పు ఆగిపోతుంది, ఎముక వల్ల వచ్చిన తేడాను ఏ ఆహార నియమమూ తగ్గించలేదు.

దీనికి తోడు బరువు పంపిణీ కూడా మారుతుంది. కండరం కొంత తగ్గి, నడుము చుట్టూ కొవ్వు కొంత పెరిగితే తూకం యంత్రం పాత అంకెనే చూపిస్తుంది గాని నడుము కొలత మారిపోతుంది. అందుకే పెళ్లి దుస్తుల విషయంలో నమ్మవలసింది టేపునే.

ఇదే వరుసలో పాదాల సంగతి కూడా చెప్పాలి. గర్భధారణలో పాదపు వంపు కొంత చదునై, పాదం కొన్ని మిల్లీమీటర్లు పొడవెక్కి అలాగే ఉండిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. పెళ్లినాటి చెప్పులు పట్టక ఎత్తు తక్కువ మడమల చెప్పులు వేసుకుంటే గౌను అంచు నేలమీద ఈడుస్తుంది. కనుక పొడవు చూసుకునేటప్పుడు వేసుకోబోయే చెప్పులతోనే నిలబడాలి.

దుస్తులనూ ఒంటినీ ఎలా కొలిచి పోల్చుకోవాలి?

ముందుగా దుస్తులను కొలవాలి, ఒంటిని తర్వాత కొలవాలి. జిప్పు వేసి గాని, హుక్కులు పెట్టి గాని దుస్తులను శుభ్రమైన బల్ల మీద చదునుగా పరచి, లాగకుండా, ఒక అంచు నుంచి మరో అంచు దాకా మూడు చోట్ల కొలత తీసుకోవాలి: రొమ్ముల మధ్యభాగం ఎదురుగా, రొమ్ముల కింద, నడుము సన్నబడిన చోట. వచ్చిన ప్రతి కొలతనూ రెట్టింపు చేస్తే ఆ చోట బట్ట చుట్టుకొలత తెలుస్తుంది. కింది భాగం ఒంటికి అతుక్కునేలా కుట్టినదైతే తుంటి దగ్గర కూడా కొలవాలి. కుచ్చిళ్లతో విచ్చుకునేదైతే అక్కర్లేదు.

తర్వాత వేడుకనాడు వేసుకోబోయే లోదుస్తులతోనే నిలబడి, ఊపిరి బిగపట్టకుండా, అవే చోట్ల ఒంటి చుట్టుకొలత తీసుకోవాలి. ఒక్కరే కొలుచుకుంటే టేపు వెనకవైపు జారుతుంది, కాబట్టి మరొకరి సాయం ఉండాలి. సాగని బట్ట ఒంటి కొలతకంటే కనీసం 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉంటే గాని కూర్చోవడం, తినడం, గట్టిగా ఊపిరి తీసుకోవడం సాధ్యం కాదు. ఊపిరంతా వదిలేసి ఎలాగో జిప్పు పైకి లాగినంత మాత్రాన బట్ట పట్టినట్టు కాదు. బిడ్డను ఎత్తుకుని, వంగి, కూర్చుని చూడాలి.

ఈ రెండు వరుసల అంకెలను పక్కపక్కన రాసుకుంటే సమస్య ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. తేడా నడుములో ఉంటే కాలం, వ్యాయామం కొంత పని చేయవచ్చు. పక్కటెముకల దగ్గర ఉంటే దర్జీ పని చేయాలి. ఛాతీ దగ్గర ఉంటే, పాలిస్తున్నంత కాలం ఆగడమే సరైన పని.

పాలివ్వడం వల్ల బరువు తగ్గుతుందా?

పాల తయారీకి శరీరం రోజుకు అదనంగా సుమారు 400 నుంచి 500 కేలరీలు ఖర్చు చేస్తుంది, కాబట్టి కొందరిలో తగ్గుతుంది. అయితే అదే సమయంలో ఆకలి పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది, కదలిక కూడా తగ్గుతుంది. అందువల్ల మరికొందరిలో బరువు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, పాలు మాన్పించాక గాని కదలదు. ఈ రెండూ సహజమే. బరువు తగ్గించే మార్గంగా చూసి పాలివ్వడం మొదలుపెట్టినా, త్వరగా దుస్తులు పట్టాలని పాలు మాన్పించినా అది తప్పుడు లెక్కే అవుతుంది.

పాలిస్తూనే వేడుకకు ఆ దుస్తులు వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కాని ముందుగా కొన్ని ఏర్పాట్లు కావాలి. పాలిచ్చే తల్లి ఛాతీ కొలత ఒకే రోజులో కూడా మారుతుంది. పాలిచ్చిన వెంటనే సరిపోయిన బట్ట మూడు గంటల తర్వాత బిగుసుకుపోతుంది. అందుచేత రొమ్ములు నిండుగా ఉన్నప్పుడే కొలతలు ఇవ్వాలి. రొమ్మును గంటల తరబడి నొక్కి ఉంచే గట్టి బట్ట వల్ల పాలు సరిగా పారక గడ్డకట్టినట్టు కావడం, వాపు, జ్వరం రావడం జరగవచ్చు. ఎర్రదనం, నొప్పి, జ్వరం కలిసి కనిపిస్తే వేడుక ముగిసేదాకా ఆగకుండా వైద్యులను సంప్రదించాలి.

వెనక జిప్పు ఉన్న దుస్తులను పాలిచ్చిన ప్రతిసారీ మొత్తం విప్పాల్సి వస్తుంది. పక్క కుట్టులో కనబడని చిన్న జిప్పు పెట్టించుకోవడం గాని, వేసుకునే వేళను రెండు పాల మధ్య సమయానికి కుదించుకోవడం గాని చేయవచ్చు. పట్టు మీద పాల మరక పడితే వెంటనే పోదు, కనుక లోపల ప్యాడ్లు తప్పనిసరి. పూసలు, తళుకులు కుట్టిన పైభాగమైతే మరో జాగ్రత్త అవసరం: వదులైన పూస ఏదైనా ఉంటే అది బిడ్డ నోట్లోకి పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ముందురోజే ఒక్కొక్కటీ లాగి చూసి బిగించాలి.

ఆహారం ఎంతవరకు తగ్గించవచ్చు?

పాలిస్తున్నవారు మొదటి ఆరు వారాలు బరువు తగ్గే ప్రయత్నమే చేయకపోవడం మంచిది. ఆ సమయంలో శరీరం గాయాన్ని మాన్చుకుంటోంది, పోయిన రక్తాన్ని భర్తీ చేసుకుంటోంది, పాల సరఫరాను స్థిరపరుచుకుంటోంది. ఆ తర్వాత వారానికి అర కిలో చొప్పున తగ్గడం తల్లికీ బిడ్డకూ సురక్షితమే. అధిక బరువు ఉన్న పాలిచ్చే తల్లులపై జరిపి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఈ వేగంతో బరువు తగ్గినవారి పిల్లల ఎదుగుదలలో లోపమేమీ కనబడలేదు. అంతకంటే వేగంగా తగ్గించే పద్ధతులను, భోజనం మాని ద్రవాలతో గడపడాన్ని, బరువు తగ్గించే మందులను పాలిస్తున్నప్పుడు పూర్తిగా దూరం పెట్టాలి. మాంసకృత్తులు, ఇనుము, కాల్షియం తగినంత అందే భోజనం వేళకు తినడం, దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగడం అనే మామూలు మాటలకంటే మెరుగైన రహస్యమేదీ ఇందులో లేదు.

వ్యాయామం ఎప్పుడు మొదలుపెట్టాలి?

సాధారణ ప్రసవమై ఇబ్బందులు లేనివారు ఒంట్లో ఓపిక వచ్చిన వెంటనే, కొద్ది రోజుల్లోనే, మెల్లగా నడవడం మొదలుపెట్టవచ్చు. ప్రసవానంతరం వీలు కుదిరాక వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు సూచిస్తాయి. ఆ నిమిషాలను పది, పదిహేను చొప్పున విడగొట్టుకున్నా సరే. బిడ్డను తోపుడు బండిలో ఉంచి నడిచినా లెక్కలోకి వస్తుంది.

వీటన్నిటికంటే ముందు చేయవలసింది పెల్విక్ ఫ్లోర్ అని పిలిచే కటి అడుగుభాగపు కండరాల వ్యాయామం. మూత్రాన్ని ఆపుకుంటున్నట్టుగా ఆ కండరాలను లోపలికి, పైకి బిగించి, కొన్ని క్షణాలు ఉంచి వదలాలి. పరుగు, గెంతులు వంటివి కనీసం పన్నెండు వారాలు ఆగాక, మూత్రం జారడం గాని, కింద బరువుగా అనిపించడం గాని లేదని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి. దుస్తుల తేదీ దగ్గరపడుతోందని ఈ వరుసను దాటవేసిన తల్లులకు తర్వాత సంవత్సరాల పాటు మూత్రం జారే సమస్య మిగిలే ప్రమాదం ఉంది.

సిజేరియన్ అయినవారు ఏం గమనించాలి?

పొట్ట మీద పైకి కనిపించే కోత మానడానికి వారాలు పడితే, లోపలి పొరలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. మొదటి ఆరు వారాలు బిడ్డకంటే బరువైనదేదీ ఎత్తకూడదని సాధారణంగా చెబుతారు. పెళ్లి గౌనులు కొన్ని బిడ్డకంటే బరువుంటాయి కాబట్టి అల్మరా పైనుంచి పెట్టెను దించే పని కూడా వేరేవారికి అప్పగించాలి. నడుము పట్టీ గాని, లంగా నాడా గాని కోత మీద ఒరుసుకుంటే మచ్చ మండుతుంది. ఆ చోట లోపలివైపు మెత్తని నూలు బట్ట వేయించుకుంటే ఉపశమనంగా ఉంటుంది. మచ్చకు పైన పొట్ట చిన్న అరలాగా ముందుకు వచ్చినట్టు చాలామందికి కనిపిస్తుంది, అది పూర్తిగా పోకపోవచ్చు. కింది భాగం విచ్చుకునేలా ఉన్న దుస్తుల్లో అది ఏమాత్రం కనబడదు.

పొట్ట మధ్యలో గీతలా లోపలికి పోతోంది, పడుకుని లేస్తుంటే ఉబ్బుతోంది. ఇది కొవ్వేనా?

బహుశా కాదు. పొట్ట ముందుభాగంలో నిలువుగా ఉండే రెండు కండరాల మధ్య పొర గర్భధారణలో సాగి, అవి ఒకదానికొకటి దూరమవుతాయి. దీన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. నార్వేలో మొదటిసారి తల్లులైన 300 మందిని పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రసవమైన ఆరు వారాలకు 60 శాతం మందిలో, ఏడాదికి సుమారు 33 శాతం మందిలో ఇది కనిపించింది. అంటే ఏడాది గడిచినా ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉంటుందన్నమాట.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తలను కొద్దిగా పైకెత్తి, బొడ్డు దగ్గర వేళ్లను అడ్డంగా ఆనించి చూస్తే రెండు కండరాల మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో తెలుస్తుంది. రెండు వేళ్లకు మించి సందు ఉంటే ఫిజియోథెరపిస్టును కలవాలి. త్వరగా పొట్ట తగ్గాలని వెంటనే సిటప్స్ మొదలుపెట్టడం ఇలాంటప్పుడు మంచిది కాదు. పొట్ట మధ్యలో గోపురంలా పైకి ఉబికేలా చేసే ఏ వ్యాయామమైనా ఆ దశకు ఇంకా ఎక్కువే అని అర్థం. ఊపిరి వదులుతూ లోపలి పొట్ట కండరాన్ని మెల్లగా బిగించే సాధనతో మొదలుపెట్టి, క్రమంగా ముందుకు వెళ్లాలి. బరువు ఏమాత్రం తగ్గకుండానే నడుము కొలత తగ్గడం ఈ సాధన వల్ల కొందరిలో కనిపిస్తుంది.

బిగుతు బెల్టులు, షేప్‌వేర్ (ఒంటిని అదిమి సన్నగా చూపించే లోదుస్తులు) వాడితే పట్టేస్తుందా?

సిజేరియన్ తర్వాత వైద్యులు సూచించే మెత్తని పొట్ట పట్టీ నొప్పిని కొంత తగ్గించి, లేచి తిరగడానికి సాయపడుతుంది. అది కొవ్వును కరిగించదు, పక్కటెముకలను దగ్గరకు తేదు. ఊపిరి ఆడనంతగా బిగించే కార్సెట్ పొట్ట లోపలి ఒత్తిడిని కిందికి, అప్పటికే బలహీనంగా ఉన్న కటి కండరాల మీదకు నెట్టివేస్తుంది. వేడుకనాడు కొన్ని గంటలపాటు ఓ మాదిరి షేప్‌వేర్ వేసుకోవడం వేరు, నెలల తరబడి రోజంతా నడుము కట్టేసుకోవడం వేరు. మొదటిదానికి అభ్యంతరం లేదు. అయితే షేప్‌వేర్ మందం కూడా కొలతలో చేరుతుంది కనుక, ఒక్కోసారి అది లేకుండానే జిప్పు తేలిగ్గా పడుతుంది.

కుట్లు విప్పి ఎంత వదులు చేయించవచ్చు?

అది పూర్తిగా లోపల మిగిలి ఉన్న బట్టపై ఆధారపడి ఉంటుంది. దుస్తులను తిరగేసి, లైనింగు కింద పక్క కుట్లను చూడాలి. ఒక్కో అంచులో కుట్టుకు అవతల 2 సెంటీమీటర్ల బట్ట ఉందనుకుందాం. చివర్లో కనీసం ఒక సెంటీమీటరు వదిలిపెట్టకపోతే కుట్టు నిలవదు, కాబట్టి ఒక్కో అంచు నుంచి ఒక సెంటీమీటరు వస్తుంది. రెండు పక్కల కుట్లలో నాలుగు అంచులు ఉంటాయి గనుక మొత్తం 4 సెంటీమీటర్లు వదులు దొరుకుతుంది. వెనక కుట్లలోనూ, డార్టుల్లోనూ (ఒంటి వంపుకు తగ్గట్టు బట్టను మడిచి వేసే కుట్లలో) ఇంకొంత దొరకవచ్చు. పక్కటెముకల దగ్గర మిగిలిపోయే తేడా చాలామందిలో ఇంతలోపే ఉంటుంది గనుక, నెలల తరబడి పడే దిగులు ఒక్క పూట కుట్టుపనితో తీరిపోయే అవకాశం నిజంగానే ఉంది.

దర్జీని అడగవలసిన ప్రశ్నలు మాత్రం ముందే అడగాలి. పట్టు, శాటిన్ వంటి నున్నని బట్టల మీద పాత కుట్టు విప్పితే సూది రంధ్రాలు, మడత గీత అలాగే కనబడతాయి. కాబట్టి చంక కింద, చేయి కప్పేసే చోట, ఒక అంగుళం మేర విప్పి చూపించమని కోరాలి. లోపల దాగిన బట్ట రంగు బయటి బట్టకంటే ముదురుగా ఉండవచ్చు, ఎందుకంటే బయటిది వెలుతురుకు వెలిసి ఉంటుంది. లేసు, పూసలు పక్క కుట్టును దాటి వెళ్లే చోట వాటిని చేత్తో విప్పి, వదులు చేశాక మళ్లీ చేత్తోనే కుట్టాలి. ఖర్చంతా అక్కడే పెరుగుతుంది. పైబట్టతో పాటు లైనింగును కూడా అంతే వదులు చేయాలి, లేకపోతే జిప్పు మళ్లీ అదే చోట ఆగుతుంది. పైభాగంలో నిలువు పుల్లలు కుట్టి ఉంటే వాటి స్థానం కూడా సరిచూడాలి, రొమ్ము కింద అవి గుచ్చుకుంటే గంటసేపు కూడా భరించలేరు.

తేడా అంతకంటే ఎక్కువైతే దారి ఉందా?

ఉంది. 4 సెంటీమీటర్లు దాటిన తేడాకు చంక నుంచి నడుము దాకా పక్కల్లో కొత్త బట్ట ముక్కలు వేయించవచ్చు. అదే బట్ట దొరకకపోతే, పొడవాటి గౌను వెనక నేలమీద సాగే భాగం నుంచో, అంచు మడత నుంచో ముక్క తీయవచ్చు. రంగు సరిగ్గా కలవదని భయపడేకంటే, కావాలనే లేసుతో గాని, వేరే నేతతో గాని ఆ ముక్క వేయించి, అదే లేసును మరోచోట కూడా కొద్దిగా కుట్టిస్తే మొదటినుంచీ అలాగే కుట్టినట్టు ఉంటుంది.

నా దృష్టిలో తల్లులకు అన్నిటికంటే అనువైనది వెనక జిప్పు తీసివేసి, రెండు వైపులా గుడ్డ కాజాలు కుట్టించి, వాటిలోనుంచి తాడు అల్లి బిగించుకునే ఏర్పాటు. తాడు మధ్య ఖాళీ కనబడకుండా లోపల ఒక వెడల్పాటి పట్టీ ఉంటుంది. ఇలా చేస్తే చాలా సెంటీమీటర్ల వెసులుబాటు వస్తుంది, ఒంటి కొలత ఈ నెల ఒకలా, వచ్చే నెల మరోలా ఉన్నా ఇబ్బంది ఉండదు, పాలిచ్చాక మళ్లీ సర్దుకోవచ్చు. కట్టడానికి మాత్రం మరొకరు కావాలి.

ఎన్నో ఏళ్లుగా పెట్టెలో ఉన్న దుస్తులను బిడ్డ ఉన్న ఇంట్లో తీయడానికి జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వీటిని తేలిగ్గా తీసుకోకూడదు. కలరా ఉండలని పిలిచే నాఫ్తలీన్ గోళీల వాసన పట్టిన బట్టలు పసిపిల్లలకు హానికరం. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లల్లో నాఫ్తలీన్ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి తీవ్రమైన కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు. అందుచేత పెట్టెను బిడ్డ లేని గదిలో తెరిచి, గోళీలన్నీ ఏరి పారేసి, దుస్తులను నీడలో గాలి తగిలేలా కొన్ని రోజులు ఆరవేసి, శుభ్రం చేయించాకే వేసుకుని బిడ్డను ఎత్తుకోవాలి. డ్రైక్లీనింగ్ నుంచి వచ్చిన బట్టను కూడా ప్లాస్టిక్ కవరు తీసి గాలికి ఉంచాలి, ఆ కవరును వెంటనే పిల్లలకు అందకుండా తీసేయాలి.

పెళ్లినాడు కనబడని చెమట, తీపి పానీయాల చుక్కలు కాలక్రమంలో గోధుమరంగు మరకలుగా తేలడం మామూలే. వాటిని ఇంట్లో రుద్దకుండా, అది దేని మరకో గుర్తున్నంతవరకు చెప్పి అనుభవం ఉన్నవారికి అప్పగించాలి. కుట్టుపనికి ముందే శుభ్రం చేయించాలి. ఇస్త్రీ వేడికి మరక మరింత గట్టిపడుతుంది.

ఎంత ప్రయత్నించినా బరువు తగ్గడం లేదు. వైద్యులను ఎప్పుడు కలవాలి?

విపరీతమైన నీరసం, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం వంటివి బరువుతో పాటు ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి; ప్రసవం తర్వాతి మొదటి ఏడాదిలో థైరాయిడ్ గ్రంథి వాపు నూటికి సుమారు ఐదుగురిలో వస్తుంది. ఇది మొదట గుండెదడ, బరువు తగ్గడం రూపంలో కనిపించి, తర్వాత అందుకు విరుద్ధంగా మారవచ్చు, కాబట్టి ఉన్నట్టుండి బరువు బాగా తగ్గినా సంతోషించి ఊరుకోకూడదు. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారడం వంటివి బరువుకు సంబంధించినవి కావు. ముఖ్యంగా మొదటి ఆరు వారాల్లో ఇవి కనిపిస్తే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆ దుస్తులు చూస్తేనే ఏడుపు వస్తోంది. ఇది మామూలేనా?

అప్పుడప్పుడు కలిగే దిగులు మామూలే. నిద్రలేని రాత్రుల తర్వాత అద్దం ముందు నిలబడి పాత ఫొటోతో పోల్చుకుంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. కాని ఆ దిగులు రెండు వారాలకు మించి రోజూ ఉంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, తాను పనికిరాననిపిస్తే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దానికి చికిత్స ఉంది, పాలిస్తూనే వాడగలిగిన మందులూ ఉన్నాయి. తనకు గాని బిడ్డకు గాని హాని చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఇంట్లోవారికి చెప్పి, అదే రోజు వైద్యసాయం తీసుకోవాలి. ఇంట్లోవారికి కూడా ఒక విన్నపం: బాలింత నడుము గురించి ఆమె అడగకుండా ఎవరూ మాట్లాడవద్దు, మెచ్చుకోలుగానైనా సరే.

మళ్లీ బిడ్డను కనే ఆలోచన ఉంటే ఇప్పుడే కుట్టించాలా?

రెండేళ్లలోపు మరో బిడ్డ కావాలనుకుంటే కోత పని జోలికి వెళ్లకుండా, కుట్లు విప్పి వదులు చేసేంతవరకు మాత్రమే చేయించడం మంచిది. ఇప్పుడు నడుము వదులైందని కుదించి, మిగిలిన బట్టను కత్తిరిస్తే మళ్లీ వెనక్కి రాదు. కుదించవలసి వచ్చినా బట్టను లోపలే మడిచి కుట్టమని చెప్పాలి. తీసిన జిప్పు, మిగిలిన లేసు, ఊడిన పూసలు అన్నిటినీ ఒక నూలు సంచిలో వేసి, అప్పటి దుస్తుల కొలతలు, తేదీ, ఏ కుట్టులో ఎంత బట్ట మిగిలిందీ ఒక కాగితం మీద రాసి ఆ సంచిలోనే ఉంచాలి. తర్వాత కుట్టబోయే దర్జీ మరొకరైనా ఆ కాగితం చూసి, లైనింగు విప్పకుండానే పని మొదలుపెట్టగలుగుతారు.